గోవుకంటే ముందు గొర్రెలు

సుంకప్ప ఇల్లు కడుతున్నాడన్న సంగతి కంబదూరు చుట్టుపక్కల తెలియనివాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, ఆ తప్పు సుంకప్పది మాత్రం కాదు. చెప్పడంలో అతను ఎక్కడా లోటు చేయలేదు. టీ అంగట్లో చెప్పాడు. బస్సులో పక్కన కూర్చున్నవాడికి చెప్పాడు, వాడు దిగిపోతే ఆ సీట్లో కూర్చున్నవాడికి మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఊరికి దూరంగా, సొంత చేనులో, చుట్టూ వేరుశనగ పీకేసిన ఎర్రనేల తప్ప చూడ్డానికి మరేమీ లేని మిట్టమీద, వీధివైపు బాల్కనీ పెట్టమన్నాడు. వీధి ఎక్కడుందని మేస్త్రీ అడిగితే, వస్తుందిలే అన్నాడు.

మారెక్క అతని భార్య. ఆ ఇంటిమీద ఆమెకు చాలా అభిప్రాయాలుండేవి, ఒక్కటీ దాచుకోలేదు. వంకాయరంగు గోడలకు నిమ్మపండు రంగు స్తంభాలు చూసి, ఇది ఇల్లా, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే వ్యానా అని అడిగింది. గేటుకు అటూ ఇటూ సుంకప్ప రెండు సింహాలు పెట్టించాడు. అమ్మినవాడు సింహాలని చెప్పాడు కాబట్టి నమ్మాలి గానీ, తనకైతే అవి జలుబు చేసిన కుక్కల్లా ఉన్నాయంది. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత పెద్దలు ఎలాంటివాణ్ణి చూసి కట్టారో ఆమెకు పెళ్ళయిన ఏడాదికే తెలిసిపోయింది.

మెతుకులకు లోటు రాకుండా చూసింది గొర్రెలు. సుంకప్ప తండ్రి బయ్యన్న ఆ వయసులో కూడా పొద్దున్నే కంబళి భుజాన వేసుకుని మందను మేపుకు తోలుకుపోయేవాడు. పుట్టిన పిల్లల్ని ఇంటిదగ్గర సాకి, పారుడు రోగం తగిలితే మందుపోసి, నక్కనూ కుక్కనూ తోలి, పెంచి సంతకు పంపేది మారెక్క. గోడల ఇటుకలు వాటివి, పైకప్పు ఇనుము వాటిది, ఆ రెండు సింహాలు కూడా వాటివే. ఇక సుంకప్ప పని ఏమిటంటే ఎవరికీ సరిగ్గా తెలియదు. పొద్దున తెల్లచొక్కా తొడుక్కుని మోటారు సైకిలు ఎక్కుతాడు, సాయంత్రానికి ఆ చొక్కా మాసిపోయి దిగుతాడు. నడక రాకముందే గొర్రె తోక పట్టుకుని పెరిగినవాడు, ఇప్పుడు గొర్రె ఎదురొస్తే చొక్కా అంచు పైకెత్తి పక్కకు జరుగుతాడు.

ఇల్లు మొదలుపెట్టినరోజే వాస్తు చూసే ఆయన వచ్చి, పాత ఇల్లు ఈశాన్యంలో బరువుగా ఉందన్నాడు. మారెక్క కాపురానికి వచ్చింది ఆ ఇంటికే. రాతిగోడలు, మట్టిమిద్దె, వానకు కారదు, ఎండకు కాలదు. మర్నాటికల్లా సుంకప్ప దాన్ని పడగొట్టించి, ఆ రాళ్ళే కొత్త పునాదిలో వేయించాడు. ఆ రోజునుంచి కాపురమంతా నాలుగు గుంజల మీద కట్టిన టార్పాలిను కింద. ఒక పక్క సిమెంటు బస్తాలు, ఇంకో పక్క పొయ్యి, మధ్యలో గంపలకింద గొర్రెపిల్లలు. దాని అవతల కంపతో కట్టిన రొప్పం, తల్లిగొర్రెలు రాత్రిపూట ఉండేది అందులో.

గొర్రెపిల్లలు మాత్రం ఇల్లు కట్టడమంత పండగను పుట్టి ఎరగవు. ఇసుక కుప్ప వాటిదే. మేస్త్రీ కూలీలు జల్లెడపట్టి పెట్టిన ఇసుకమీదికి గుంపుగా ఎక్కి, అక్కడినుంచి ఎగిరి దూకి, మళ్ళీ ఎక్కేవి. కాంక్రీటు కలిపే ఇనుపతట్టలో రెండేసి ముడుచుకుని పడుకునేవి. మందలోని ఒక మేకపిల్ల మేస్త్రీలు ఎక్కే సారువ కట్టెలు పట్టుకుని బాల్కనీదాకా ఎక్కిపోయి, దిగడం చేతగాక రోజంతా అరిచింది. ఆ బాల్కనీనుంచి లోకాన్ని చూసిన మొదటి ప్రాణి అదేనని మారెక్క అందరికీ చెప్పుకుంది. బోరు ఒక గడియ పోసి ఆగిపోయే రోజుల్లో ఆ నీళ్ళు గోడలు తడపడానికి కావాలని సుంకప్ప, పిల్లలకు కావాలని మారెక్క పోట్లాడుకున్నారు. గోడకు గొంతు లేదు, పిల్లలకు ఉంది కాబట్టి ఆమె గెలిచేది. తర్వాత సుంకప్ప ట్యాంకరు తెప్పించేవాడు.

అలా ఇల్లు పైకి లేస్తుండగా ఒకరోజు అతని షడ్డకుడు చౌడప్ప చూడ్డానికి వచ్చాడు. చౌడప్పకు కళ్యాణదుర్గంలో సిమెంటు అంగడి ఉంది, కారుంది, మెడలో గొలుసుంది. అతని భార్య పద్మజ మారెక్కకు సొంత చెల్లెలు. చిన్నప్పుడు అక్కతో కలిసి గొర్రెపిల్లల మధ్యే నిద్రపోయిన పిల్ల, ఆ రోజు కారు దిగినప్పటినుంచి ఎక్కేదాకా చీర కొంగు ముక్కుమీదనుంచి తీయలేదు. చౌడప్ప ఇల్లంతా తిరిగాడు, గోడలు వేళ్ళతో కొట్టి చూశాడు, అన్నీ బాగున్నాయన్నాడు. పోతూ పోతూ, ఈ కంపు ఒక్కటి లేకుంటే మా కళ్యాణదుర్గంలో ఇల్లు మాదిరే ఉండేది అన్నా అని భుజం తట్టి పోయాడు.

ఆ మాట సుంకప్పను కరిచి పట్టుకుంది. తినేటప్పుడు వాసన చూసుకునేవాడు, పడుకునేటప్పుడు చూసుకునేవాడు. నలభై ఏళ్ళు ఆ గాలే పీల్చి బతికినవాడికి ఉన్నట్టుండి అది కంపయింది. గృహప్రవేశానికి కార్తీకంలో ముహూర్తం పెట్టారు. ఆ కార్తీకంలోనే మందలో మరో ఏడు గొర్రెలు ఈనాయి. పొద్దున్నే ముహూర్తం, ముందురోజు మధ్యాహ్నానికే కళ్యాణదుర్గం చుట్టాలు దిగుతారు. గంపలనిండా నాలుగైదు రోజుల పసిపిల్లలు. ఎవడి పిలుపూ లేకుండా ముందే వచ్చి కూర్చున్నాయని సుంకప్ప వాటిని చూసి పళ్ళు కొరికేవాడు.

ముందురోజు పొద్దున బయ్యన్న మందను తోలుకుపోయాక, మారెక్క కుంకుమ భరిణె పట్టుకుని పిలుపులకు ఊళ్ళోకి బయలుదేరింది. ఇంటింటికీ పోయి బొట్టుపెట్టి పిలవాలి. ఒక్క గడప మర్చిపోతే ఏడాదిపాటు మాటలు పడాలి. పోతూ పోతూ మొగుడికి చెప్పిపోయింది, ఏ పనీ చేయవద్దని. ఆమె అనుభవంలో సుంకప్ప చేసే పనులకంటే చేయకుండా ఉండిన పనులే ఇంటికి మేలు చేశాయి.

అతను చేశాడు. కొత్త బాత్రూముకని కొన్న ఫినాయిలు డబ్బా ఉంది. అంగట్లో దండలా వేలాడే షాంపూ పొట్లాలు రెండు దండలు తెచ్చాడు. ట్యాంకరు నీళ్ళు డ్రమ్ములో పట్టి, అందులో ఫినాయిలు కలిపి, గంపలెత్తి ఒక్కో పిల్లనూ ముంచి, షాంపూతో రుద్ది, కడిగి, ఎండలో నిలబెట్టాడు. అంతటితో ఊరుకుంటే సుంకప్ప ఎందుకవుతాడు? పౌడరు డబ్బా తెచ్చి మెడకిందా చెవుల వెనకా చల్లాడు. పిల్లలు తెల్లగా, పొగలేని పొయ్యిమీద పాలలాగా తళతళలాడాయి. అతను వాటి ఫోటో తీసి చౌడప్పకు పంపించాడు.

మారెక్కకు ఆ వాసన చేను గట్టుదగ్గరే తగిలింది. మొదట కొత్తింటి రంగు వాసన అనుకుంది. దగ్గరికొచ్చాక అర్థమైంది. కుంకుమ భరిణె అక్కడే నేలమీద పెట్టి, ఒక పిల్లను ఎత్తుకుని వీపుమీద ముక్కు పెట్టి చూసింది. గొర్రెపిల్ల వాసన ఎక్కడా లేదు. తల్లిగొర్రె పిల్లను కంటితో ఆనవాలు పట్టదు. తోకకింద మూతి పెట్టి వాసన చూసుకుని, నాదేనని నమ్మితేనే పాలు చేపుతుంది. ఎదిగిన పిల్లకైతే అరుపు తెలుస్తుంది. నాలుగు రోజుల పిల్లకు వాసనే పేరు, వాసనే ఊరు. గొర్రెలు మేపే ఇంట్లో పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది.

"ఏమప్పా, నువ్వు కురుబోళ్ళ ఇంట్లోనే పుట్టినావా?" అని అడిగింది.

ఆరిపోయినాక వాసన పోతుందిలే అని సుంకప్ప ధైర్యం చెప్పాడు. ఆమె రొప్పంలోని పెంటికల మట్టి తట్టకెత్తుకొచ్చి, ఒక్కో పిల్లకూ వీపునుంచి తోకదాకా రుద్దింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఇప్పుడు పిల్లలకు ఫినాయిలు వాసన, షాంపూ వాసన, పౌడరు వాసన, పైన పెంటికల వాసన. ఆ సమయానికే చౌడప్ప కారు వచ్చి ఆగింది. పద్మజ దిగి, ఫోటోలో తెల్లగా ఉన్న పిల్లలు ఇవేనా అని అడిగింది.

పొద్దు వాలుతుండగా మంద తిరిగొచ్చింది. రోజూ ఆ వేళకు ఆ మిట్టమీద జరిగేదాన్ని ఎన్నేళ్ళు చూసినా మారెక్కకు విసుగు రాలేదు. తల్లులు చేను మలుపులోనే అరుపు మొదలుపెడతాయి, ఇక్కడినుంచి పిల్లలు బదులిస్తాయి. గంపలెత్తగానే ఎవరి పిల్ల ఎవరికో తెలియనంత కలగాపులగమై, అంతలోనే ఎవరికి వాళ్ళు దొరికి, అరుపంతా ఒక్కసారి ఆగిపోతుంది. మిగిలేది చప్పరింపు ఒక్కటే.

ఆ రోజు అరుపు ఆగలేదు. పిల్లలు తల్లులకిందికి దూరాయి. తల్లులు తోకకింద మూతి పెట్టి, తుమ్మి, తల విదిలించి, తలతో కుమ్మి తోసేశాయి. పిల్ల మళ్ళీ పోయింది, తల్లి మళ్ళీ కుమ్మింది. ఒకటి కాలితో తన్నితే పిల్ల పోయి కంపలో పడింది. తల్లులేమో పొదుగులు నిండి బరువై, తమ పిల్లలు ఎక్కడని మందంతా తిరుగుతూ అరుస్తున్నాయి. కాళ్ళకిందే ఉన్న పిల్లను తోసేసి, ఆ పిల్లకోసమే ఏడుస్తున్నాయి.

బయ్యన్న కర్ర ఆనుకుని నిలబడ్డాడు. ముసలాయన ముక్కు ఎగబీల్చి, "ఏమిరా, ఎవరైనా సచ్చినారా? ఆస్పత్రి వాసన వస్తాండాది" అన్నాడు. సంగతి విన్నాక కొడుకు ముఖంవైపు కూడా చూడలేదు. నెల దాటిన పిల్లలకు ఏమీ కాదని, పసివాటితోనే చిక్కని కోడలికి చెప్పాడు. తల్లి పాలే పిండి పిల్ల వీపుకు పూయాలి. తల్లినీ పిల్లనూ ఇరుకుచోట, గోడలమధ్య ఒకచోట మూసిపెట్టాలి. పారిపోవడానికి దారిలేక, వాసన చూసి చూసి, చివరికి ఒప్పుకుంటుంది. కంప రొప్పంలో ఆ పని కాదు, ఒకటి బెదిరితే మందంతా బెదురుతుంది. రేపటిదాకా ఆగితే తల్లి మనసు విరిగిపోతుంది. పాలు లేకుండా ఈ చలిలో పిల్ల తెల్లారేదాకా ఆగదు.

గోడలున్న చోటు. పాత ఇల్లు ఉంటే అది చాలేది. ఇప్పుడు ఆ మిట్టమీద గోడలన్నవి ఒక్క చోటే ఉన్నాయి, వంకాయరంగులో. అందరూ ఒక్కసారే అటు చూశారు.

సుంకప్ప పోయి గడప ముందు నిలబడ్డాడు. తలుపుకు తాళం, తాళంచెవి అతని మొలతాడుకు. గడపకు పసుపు రాసి ఉంది, మామిడాకులు కట్టి ఉన్నాయి, లోపల నేల కడిగి ముగ్గులు వేసి ఉన్నాయి. తెల్లారి గోవూ దూడా లోపల అడుగుపెట్టేదాకా దీపం కూడా వెలిగించవద్దని పురోహితుడు చెప్పిపోయాడు. "గోవుకంటే ముందు గొర్రెలు తొక్కితే, రేపట్నించి అది ఇల్లనిపించుకుంటాదా?" అన్నాడు. ఇల్లు మొదలైన ఈ ఏడాదిన్నర కాలంలో అతను పిచ్చిగా కాకుండా మాట్లాడింది ఆ ఒక్కమాటే. ఆ సంగతి మారెక్కకు కూడా తెలుసు. గడపమీద ఆమెకు లేని భయం కాదు, దానికి పసుపు రాసింది ఆమే.

మధ్యలో చౌడప్ప కలగజేసుకున్నాడు. ఇన్ని గొర్రెలున్నాయి, నాలుగు పిల్లలు పోతే పోయాయి, మళ్ళీ ఈనవా అన్నాడు. ఇంత శుభకార్యం పెట్టుకుని జీవాలగురించి మాటలెందుకన్నాడు. మారెక్క అతనివైపు తిరిగి, నీ అంగట్లో సిమెంటు బస్తా తడిసి గడ్డకడితే నువ్వు ఇట్లాగే మళ్ళీ ఈనుతుందిలే అని ఊరుకుంటావా చౌడప్పా అని అడిగింది. చౌడప్ప ఫోను చూసుకుంటూ కారుదగ్గరికి పోయాడు.

ఆమె మొగుడికి ఎదురుగా నిలబడింది. చంకలో ఒక పిల్ల ఉంది. అది అరవడం మానేసి చాలాసేపయింది.

"రేపు లోపల పొయ్యి ముట్టిచ్చి, పాలు పొంగిచ్చేది ఎవరు?" అని అడిగింది.

సుంకప్ప అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. ఇంటి ఇల్లాలు కాక ఎవరు?

"పిల్లలకు పాలు ల్యాకుండా సచ్చే ఇంట్లో నేను పాలు పొంగియ్యను. తలుపు తీస్తివా, రేపు తలంటు పోసుకోని నీ వెనక వస్తా. తీయకుంటివా, ఆ గోవెనక నువ్వొక్కనివే పో. పాలు కూడా నువ్వే పొంగిచ్చుకో."

పెళ్ళాం పక్కన లేకుండా గృహప్రవేశం చేసుకునే మగవాణ్ణి కంబదూరులో ఎవరూ చూడలేదు. కళ్యాణదుర్గం చుట్టాల ముందు, ఊరి ముందు, సింహాల ముందు, ఒక్కడే గోవు తోక పట్టుకుని లోపలికి పోవడం సుంకప్ప కళ్ళకు కట్టింది. అతను మొలతాడునుంచి తాళంచెవి తెంపి నేలమీద పడేశాడు. ఎవరి చేతికీ ఇవ్వలేదు, పడేశాడంతే. అడిగినవాళ్ళకు తాను ఇవ్వలేదని రేపు చెప్పుకోవచ్చు. ఆ తెలివి అతనికి ఎప్పుడూ ఉంది.

మొదటి గొర్రె గడప దాటి పలకలమీద కాలు పెట్టగానే నాలుగుకాళ్ళూ నాలుగు దిక్కులకు జారి, ముగ్గుమీద పొట్ట ఆనించి పడుకుంది. అద్దంలాగా ఉండాలని సుంకప్ప ఏరికోరి అనంతపురంనుంచి తెప్పించిన పలకలు. మారెక్క ఖాళీ సిమెంటు సంచులు పరిచింది, వాటిమీద వేరుశనగ పొట్టు తట్టలతో పోసింది. అది చాలక చౌడప్ప కానుకగా తెచ్చిన తివాచీ కట్ట విప్పి హాల్లో పరిచింది. గొర్రెకు కాలు నిలవడానికి అంత బాగా పనికొచ్చిన వస్తువు కళ్యాణదుర్గంనుంచి అంతవరకూ రాలేదు. సెంట్రింగు చెక్కలు మిగిలినవి అడ్డంపెట్టి గదుల్లో ఇరుకుచోట్లు చేశారు. పడగ్గదిలో మూడు తల్లులు, వంటింట్లో రెండు, గులాబీరంగు బాత్రూములో ఒకటి. అన్నిటికంటే మొండిదాన్ని పూజగదిలో పెట్టింది, అక్కడైనా బుద్ధొస్తుందని.

బయ్యన్న పాలు పిండి ఇస్తే మారెక్క పిల్లల వీపులకు పూసింది. తల్లి తల మోకాళ్ళమధ్య పట్టి, వెనకకాలు ఒకటి ఎత్తిపట్టి, పిల్లను పొదుగుకు అందించాలి. ఒకటి తాగాక ఇంకోటి. సాయానికి రమ్మని చెల్లెల్ని పిలిచింది. పద్మజ గడపదాకా వచ్చి, మొగుడి కారువైపు చూసి, చీర చూసుకుని, అక్కడే నిలబడి ఒకచేత్తో ఫోను లైటు పట్టింది. రెండోచెయ్యి ముక్కుమీదే ఉంది. అంతమాత్రమైనా చేసిందని మారెక్క సరిపెట్టుకుంది. సుంకప్ప మాత్రం లోపలికి తొంగిచూడలేదు. గోవు వచ్చేదాకా తాను గడప దాటనని, తనవైపు తప్పు ఏమీ ఉండకూడదని, మెట్టుమీద బయటివైపు తిరిగి కూర్చున్నాడు.

తెల్లారేసరికి తల్లులు ఒకటొకటిగా దారికొచ్చాయి. ఒక పిల్ల దక్కలేదు. చంకలో అరవడం మానేసిన పిల్ల అది. మారెక్క దాన్ని తెచ్చి సుంకప్ప పక్కన, మెట్టుమీద గోనెపట్టాపై పడుకోబెట్టింది. ఇచ్చిన మాటప్రకారం తలంటు పోసుకోవడానికి టార్పాలిను వెనక్కి వెళ్ళింది. బయ్యన్న మిగతా మందను చూసుకోవడానికి రొప్పంవైపు పోయాడు. సుంకప్ప ఆ పిల్లవైపు చూడకూడదనుకుని చూశాడు. చెవుల వెనక పౌడరు ఇంకా పోలేదు.

పురోహితుడు వచ్చాడు. ఊళ్ళోంచి ఎర్రన్న తన ఆవునూ దూడనూ పసుపు బొట్లు పెట్టి తోలుకొచ్చాడు. ఊరివాళ్ళు వచ్చారు. కళ్యాణదుర్గం చుట్టాలు కారుదగ్గర జేరబడి ముక్కులు మూసుకుని నవ్వుకుంటున్నారు. సుంకప్ప బోరు దగ్గర నాలుగు చెంబులు పోసుకుని, కొత్త పట్టుపంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని గడపముందు ఆవుపక్కన నిలబడ్డాడు. లోపలినుంచి వస్తున్న వాసనకు పురోహితుడు ఒక్కక్షణం ఆగి, సరేలే, గోమూత్రం చల్లుదాం, ముహూర్తం మాత్రం దాటకూడదు అన్నాడు. మారెక్క తల ఆరబెట్టుకుంటోంది, పాలగిన్నెతో వచ్చేస్తోందన్నారు.

అప్పుడు పూజగదిలోనుంచి దబ్బుమని చప్పుడైంది. వెనకే పిల్ల అరుపు, సన్నగా.

అది తొలిచూలు గొర్రె. రాత్రి మిగతావాటితోపాటు ఒప్పుకున్నట్టే కనిపించింది గానీ, ఇప్పుడు మళ్ళీ తిరగబడింది. కిటికీలోంచి సుంకప్పకు కనిపించింది, పిల్లను గోడకు నొక్కిపెట్టి తలతో కుమ్ముతోంది. ఇంకోసారి కుమ్మితే పిల్ల ఉండదు. లోపల మనిషి లేడు. పురోహితుడు ఆవును ముందుకు తోలమని ఎర్రన్నకు చెప్పాడు. ఆవు లోపలి అరుపుకు బెదిరి కాళ్ళు తన్నిపెట్టింది. ఎర్రన్న తాడు లాగాడు, అది కదల్లేదు. చౌడప్ప వచ్చి, టైము అయితాండాది అన్నా అని చెవిలో చెప్పాడు.

సుంకప్ప మెట్టుమీది గోనెపట్టావైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆవును దాటుకుని, గడప దాటుకుని, లోపలికి పోయాడు.

బయట అందరూ గడపవైపు తోసుకొచ్చారు. గొర్రెలు ముందు పోయాయంటే అవి నోరులేని జీవాలు, ఆడదాని మొండితనం అనుకున్నారు. ఇంటి యజమానే, మడికట్టుకున్నవాడే, గోవును బయట నిలబెట్టి లోపలికి పోవడం ఎవరూ ఎక్కడా చూడలేదు. పురోహితుడు పేరుపెట్టి పిలిచాడు.

మారెక్క కొత్తచీర కట్టుకుని, పాలగిన్నె పట్టుకుని వచ్చేసరికి అందరూ ఆమెకు దారి ఇచ్చారు. ఆమె పూజగది దాకా పోయింది. సుంకప్ప పొట్టులో మోకాళ్ళమీద కూర్చుని ఉన్నాడు. గొర్రె తల మోకాళ్ళమధ్య బిగించి, వెనకకాలు ఎత్తిపట్టి, రెండోచేత్తో పాలు పిండి పిల్ల తోకకు పూస్తున్నాడు. తలపాగా ఎక్కడో పడిపోయింది. గొర్రె పంచెమీద ఉచ్చ పోసింది, అతను చూసుకోలేదు. ఎన్నో ఏళ్ళుగా చేయని పని, చేతులకు మాత్రం జ్ఞాపకమున్నట్టే ఉంది. పిల్ల పొదుగు అందుకుంది. గొర్రె వణికింది, కానీ తన్నలేదు. సుంకప్ప మోకాళ్ళు సడలిస్తే, అది మెడ వెనక్కి తిప్పి, పిల్ల తోకకింద మూతి పెట్టి, ఈసారి తుమ్మకుండా వాసన చూస్తోంది.

"సుంకప్పా, ఇంకా రెండు నిమిషాలే ఉంది. తర్వాత వర్జ్యం" అని పురోహితుడు గడప దగ్గరినుంచి అరిచాడు.

"ఇప్పుడు లేస్తే ఇది తన్నుతాది సామీ" అన్నాడు సుంకప్ప. "దీన్ని తాగనియ్యి. ముహూర్తం పోతే పోనీ."

బయట చౌడప్ప ఏదో అన్నాడు, ఎవరో నవ్వారు, కారు తలుపు గట్టిగా పడింది. ఆవు ఎర్రన్న చేతిలోంచి మెడ లాక్కుని గుమ్మానికి కట్టిన మామిడాకులు నమలసాగింది.

మారెక్క నిలబడి మొగుణ్ణి చూసింది. ఏడాదిన్నరగా అతనిమీద పేరుకున్న కోపం తీరలేదు, అంత తొందరగా తీరేదీ కాదు. చచ్చిన పిల్ల బయట మెట్టుమీద ఉంది, దాన్ని చంపింది ఈ చేతులే. అయినా ఇప్పుడు ఈ పిల్లకు పాలు పడుతున్నదీ ఈ చేతులే. పాలగిన్నె పక్కనపెట్టి, కొత్తచీరతోనే ఎదురుగా పొట్టులో కూర్చుని, గొర్రె ముందరికాళ్ళు పట్టుకుంది.

"గట్టిగా పట్టుకో" అంది. "పంచె చూసుకోవాకు. అది ఎప్పుడో పాడయింది."